చీర కవరు

ఆ అమావాస్య పొద్దున మైదుకూరులో, శివప్రసాద్ బట్టల అంగడికి ఎదురుగా ఉన్న టీకొట్టులో కూర్చుని, బొజ్జన్న మూడో టీ తాగుతున్నాడు. టీ మీద ఇష్టంతో కాదు. రోడ్డుకు అవతల శివప్రసాద్ పంచె ఎగగట్టి, తన కారు బానెట్ ఎత్తి, పైపుతో ఇంజన్‌ను కడుగుతున్నాడు. నీళ్లు ఎక్కడ పడకూడదో సరిగ్గా అక్కడే పడుతున్నాయి. బొజ్జన్న కడుపు చల్లబడింది.

మా వైపు అమావాస్యకు బండి కడగకపోతే బండి గలవాడికి నిద్ర పట్టదు. ఇంజన్ దాకా నీళ్లు కొట్టాలి, పసుపూ కుంకుమా పెట్టాలి, టెంకాయ కొట్టాలి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాలి. శివప్రసాద్ శెట్టి దగ్గర పందొమ్మిదేళ్లు డ్రైవరుగా ఉన్న బొజ్జన్న పాత అంబాసిడర్‌ను అలాగే కడిగాడు. అది రెండు తుమ్ములు తుమ్మి మళ్లీ లేచేది. 2007లో వచ్చిన కొత్త కారు మాత్రం మొదటి అమావాస్యకే మొండికేసింది. కర్నూలు నుంచి వచ్చిన మెకానిక్ ఇంజన్ పక్కనున్న నల్లటి పెట్టెను చూపించి, బండికి బుర్ర ఇదేనని, దీనికి నీళ్లు తగిలితే బండికి పిచ్చెక్కుతుందని బొజ్జన్న చెవిన వేసి పోయాడు. శెట్టితో చెబితే కడగడం మానడు, తిట్టడమూ మానడు. అందుకని బొజ్జన్న ఎవరికీ చెప్పలేదు. అమావాస్య అమావాస్యకూ అంగట్లో చీరలకు తొడిగే కవరొకటి తీసుకుని, పెట్టెకు గట్టిగా కట్టి, ఆ తర్వాతే కడిగేవాడు. ఏడాదిన్నరలో బండి మళ్లీ ఆగలేదు.

ఇంత చేసినా చివరికి దొంగ అన్న పేరే మిగిలింది. కారులో స్టీరింగ్ వెనక ఒక చిన్న కంప్యూటర్ తెర ఉంటుంది. లీటరుకు బండి ఎంత దూరం పోతోందో అది అంకెల్లో చూపిస్తుంది. పోసిన డీజిల్‌కూ ఆ అంకెకూ పొంతన లేదని శివప్రసాద్‌కు అనుమానం వచ్చింది. శెట్టి బేరాలు ముగించేదాకా ఏసీ వేసుకుని బండిని గంటలకొద్దీ నిలబెట్టుకుంటే డీజిల్ కాలదా అని బొజ్జన్న అడిగాడు. శెట్టి వినలేదు. చీరలు చూస్తున్న ఆడవాళ్లందరి ముందూ ఒకే మాట అన్నాడు.

“కంప్యూటర్ అబద్ధం చెప్తాదా బొజ్జన్నా? డీజిల్ యాడికి పోతాండాదో నువ్వే చెప్పు.”

బొజ్జన్నకు తల కొట్టేసినట్లయింది. తాళాలు గల్లాపెట్టె మీద పెట్టి వచ్చేశాడు. ఇది జరిగి పదిహేను రోజులు. ఆ పదిహేను రోజుల్లో ఊళ్లో ఎవరూ అతన్ని డ్రైవరుగా పెట్టుకోలేదు. అతని భార్య గిడ్డమ్మను కొళాయి దగ్గర ‘డీజిల్ గిడ్డమ్మ’ అని పిలిచారు. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. శెట్టి ఇంటి నుంచి ఒక్క మనిషే వచ్చింది. శివప్రసాద్ తల్లి చెన్నమ్మ, మోకాళ్ల నొప్పులతో రెండు వీధులు నడిచి వచ్చి, నువ్వు తీయలేదని నాకు తెలుసు నాయనా అని చెప్పిపోయింది. ఆ మాట బొజ్జన్నకు ఆనలేదు. అది శెట్టి నోటి నుంచి రావాలి, పదిమందిలో రావాలి. పాత ఇనుము అంగట్లో పడి ఉన్న ఆ అంబాసిడర్‌నే తెచ్చుకుని, వారం కష్టపడి లేపి, ఈ అమావాస్య కోసమే కాచుకున్నాడు.

మర్నాడు శెట్టి కారు కర్నూలు దారి పట్టింది. వెంట ఎవరున్నారో బొజ్జన్న చూడలేదు, చూడాలనీ అనుకోలేదు. దాని వెనకే అంబాసిడర్ తీశాడు. కారు దారిలో చస్తుంది, శెట్టి ఎండలో నిలబడతాడు, తాను హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోతాడు. దారి పొడుగునా ఆ ముచ్చట తలుచుకుని నవ్వుకున్నాడు.

అనుకున్నట్లే ఓర్వకల్లు రాళ్ల గుట్టల దగ్గర కారు ఆగి ఉంది. కానీ చుట్టూ జనం. శెట్టి అరచేతి నుంచి నెత్తురు కారుతోంది. ఇంజన్ ఆగిపోతే తాళంచెవి లోపలే వదిలి చూద్దామని దిగాడట. వెనకనే తలుపులన్నీ వాటంతటవే బిగుసుకున్నాయట. అద్దాలు దిగవు, డిక్కీ తెరుచుకోదు. కంపెనీకి ఫోన్ చేస్తే అద్దం పగలగొట్టొద్దు, గంటలో మనిషి వస్తాడన్నారు. శెట్టి ఆ మాట పట్టుకుని కొంతసేపు ఆగాడు. ఆ తర్వాత రాయి తీసుకుని కొడితే అది జారి చెయ్యి తెగింది. లోపల, వెనక సీటులో, కళ్ల డాక్టరుకు చూపించడానికి తెచ్చిన చెన్నమ్మ ఉంది. లోపలి నుంచి ఆమె ఎంత లాగినా తలుపు రావడం లేదు. మే నెల మిట్టమధ్యాహ్నం.

బొజ్జన్న అంబాసిడర్ నుంచి జాకీ కడ్డీ తీసుకుని పరుగెత్తాడు. కడ్డీ పైకెత్తాడు. అంతలో శెట్టి, “కొట్టప్పా, బిరీన కొట్టు,” అన్నాడు. ఆ గొంతు వినగానే పదిహేను రోజుల మంట భగ్గుమంది. కడ్డీ దించాడు.

“నేను దొంగనా శెట్టీ? ఈళ్లంతా ఇంటాండారు. చెప్పు.”

“అమ్మ సచ్చిపోతాది బొజ్జన్నా.”

“నీ కంప్యూటర్‌నడిగి చెప్పు.”

అద్దం వెనక చెన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అతన్నే చూస్తోంది. బొజ్జన్న ఆ చూపును చూశాడు. చూసి, తల మళ్లీ శెట్టి వైపే తిప్పాడు. శెట్టి రెండు చేతులూ జోడించి, నువ్వు దొంగవు కాదు, తప్పు నాదేనన్నాడు. బొజ్జన్న గట్టిగా చెప్పమన్నాడు. శెట్టి అరిచి చెప్పాడు. ఆ మాట ఎంత తియ్యగా ఉందో! అప్పుడు కొట్టాడు, ఒక్క దెబ్బకే అద్దం రాలిపోయింది.

చెన్నమ్మను దించి, ముఖాన నీళ్లు చల్లి, తాగించారు. ఊపిరి కుదుటపడింది. బొజ్జన్న అంబాసిడర్ వెనక తలుపు తెరిచి, సీటు మీది దుమ్ము తువ్వాలతో తుడిచి, కర్నూల్లో తాను దింపుతానని, రమ్మని పిలిచాడు. ఆమె లేచి నిలబడింది. గొంతులో కోపం లేదు.

“నువ్వు దొంగవు కావని నీ ఇంటికొచ్చి చెప్పింటి గదా నాయనా. నువ్వు కడ్డీ దించుతాంటే నేను చూస్తానే ఉండా.”

నంద్యాల నుంచి వస్తున్న బస్సుకు ఆమే చెయ్యెత్తింది. కొడుకు భుజం పట్టుకుని మెట్టు మెట్టూ ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. ఇటు తిరగలేదు. బస్సు కదిలింది, జనం చెదిరిపోయారు. అంబాసిడర్ వెనక తలుపు తెరిచే ఉంది. దాన్ని మూయడానికి బొజ్జన్నకు చాలాసేపు చెయ్యి రాలేదు.