లోపలికి తిప్పిన గుర్తు

పాత ఫియట్ కారులో ముందు సీటు రెండుగా ఉండదని, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా సోఫాలా ఒక్కటే ఉంటుందని నాకు పెళ్లయ్యాకే తెలిసింది. గేరు కూడా కింద ఉండదు, స్టీరింగ్ పక్కన ఉంటుంది. అంటే నడిపే మనిషికీ పక్కన కూర్చున్న మనిషికీ మధ్య అడ్డం ఏదీ ఉండదు. పెళ్లయిన కొత్తలో ఒక ఆడపిల్లకు ఇంతకంటే ఏం కావాలి?

ఆ కారు మా అత్తగారింటి వెనక గోదాములో దొరికింది. సంగారెడ్డి పాత బజారులో మా మామయ్య వెంకటనారాయణకు పప్పుల దుకాణం ఉంది. పెళ్లిలో వచ్చిన స్టీలు బిందెలు పెట్టడానికి చోటు వెతుకుతూ ఖాళీ గోనె సంచుల గుట్టను జరిపితే మీగడ రంగు తలుపు ఒకటి బయటపడింది. కొంగుతో దుమ్ము తుడిచి ఎక్కి కూర్చున్నాను. కిటికీకి ముందు మూడు మూలల చిన్న అద్దం, దానికి వేరే గొళ్లెం. తిప్పితే తెరుచుకుంది. కందిపప్పు వాసన ముఖానికి తగిలింది. ఆ అద్దాన్ని ఎన్నిసార్లు తెరిచి మూశానో నాకే తెలియదు.

సాయంత్రం ప్రణీత్ డ్యూటీ దిగి రాగానే చేయి పట్టుకుని గోదాములోకి లాక్కెళ్లాను. మా ఆయన సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు.

"దీన్ని నడిపియ్యి. మనం దీంట్ల సింగూరు డ్యాంకు పోదాం," అన్నాను.

"నేను ఒకటో క్లాసుల ఉన్నప్పుడు ఆగింది రవళీ ఇది. లోపట ఎలుకలు కాపురం పెట్టినయ్."

"ఎలుకలతోని నేను మాట్లాడుకుంట. నువ్వు ఇంజన్ సంగతి చూడు."

నాన్నను అడుగు, అన్నాడు. నేను అడిగితే మామయ్య కాదనడని ఇంట్లో అప్పటికే పేరు పడింది. చాయ్ తాగే వేళ చూసి అడిగాను. మామయ్య సాసరులో పోసుకున్న చాయ్ మొత్తం తాగి, లేచి వెళ్లి, ఆ సాసరు తానే కడిగి బోర్లించి, "తీస్కపోండి. నడిస్తె నడువనియ్యి," అన్నాడు. సాసరు ఆయన ఎప్పుడూ కడగడు.

రాత్రి వంటకు కూరగాయలు తరుగుతుంటే మా అత్తమ్మ కమల సంగతి చెప్పింది. "ఆ బండి జోలికి ఎందుకు పోయినవ్ బిడ్డ. ఆ బండి కాడనే మీ మామయ్య కరీముల్లాను పోగొట్టుకున్నడు."

కరీముల్లా మా దుకాణం ఎదురుగా షెడ్డు వేసుకున్న మెకానిక్. ఆయనా మామయ్యా కలిసి హైదరాబాదు పోయి ఈ కారు కొన్నారట. ఆ పొడుగు సీటు మీద పక్కపక్కన కూర్చుని, దారంతా ఇంజన్ చప్పుడు గురించే మాట్లాడుకుంటూ తెచ్చారట. మధ్యాహ్నం అన్నం కరీముల్లా మా దుకాణంలోనే తినేవాడు. ఒకసారి ఇంజన్‌కు పెట్రోలు అందించే చిన్న పంపు చెడిపోతే ఆయనే విప్పి బాగుచేసి ఇచ్చాడు. మరునాడు పెళ్లికని జహీరాబాదు పోతుంటే సదాశివపేట దాటాక నడి ఎండలో బండి ఆగిపోయింది. మామయ్య బానెట్ ఎత్తి చూశాడు. తిరిగి వచ్చి, బజారు నడుమ నిలబడి, "నా ఒరిజినల్ పంపు తీసుకొని డూప్లికేట్ ఏసినవ్. దొంగవు నువ్వు," అన్నాడు.

"ఆయన ఏమన్నడు అత్తమ్మ?"

"ఏమనలే. చేతుల బోల్టులిప్పే పాన ఉండె. అది కింద పెట్టి లోపటికి పోయిండు. సేఠ్ నోట్లకెల్లి దొంగ అనే మాట వచ్చినంక ఆ షెడ్డుకు ఎవరు బండి ఇస్తరు? ఏడాది తిరగకముందే ఎత్తేసి పటాన్‌చెరు పోయిండు. మీ మామయ్య ఆ బండిని ఇంకో మెకానిక్‌కు చూపియ్యలే, అమ్మలే."

"నిజంగనే మార్చిండా?"

"ఏమో. మీ మామయ్యకైతే గట్టి నమ్మకం. ఎట్ల తెల్సిందంటె మాత్రం చెప్పడు."

నేను ఆ పూట కొంచెం బాధపడ్డాను. పొద్దున్నే లేచేసరికి మళ్లీ సింగూరు గుర్తొచ్చింది.

కారును డీసీఎం వ్యాను వెనక తాడు కట్టి ముత్తంగికి లాక్కెళ్లాం. రింగు రోడ్డు దిగే చోట, గోదాముల వరుసలో శ్రావణ్‌కుమార్ అనే మెకానిక్ పాత బండ్లు చేస్తాడని ప్రణీత్ కంపెనీలో ఎవరో చెప్పారు. మామయ్య కూడా వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని ఇంజన్‌కు ఎదురుగా కూర్చున్నాడు. "కండ్ల ముంగట లేకుంటె సామాను మారుస్తరు బిడ్డ," అని నా చెవిలో చెప్పాడు.

అది శ్రావణ్‌కుమార్‌కు వినబడింది. "దీని సామాను దొంగతనం చేస్తె అమ్మేతందుకు నేను మ్యూజియం కాడికి పోవాలె సేఠ్," అన్నాడు.

ముందు పెట్రోలు ట్యాంకు విప్పాడు. లోపలంతా తుప్పు. "బండి నడిచే దినాలల్లనే మొదలైంది ఇది. ఈ చెత్త పైపులకు అడ్డం పడి అప్పుడప్పుడు ఆగేది కదా?" అని అడిగాడు. తర్వాత పంపు విప్పి వెలుతురుకు పెట్టి చూస్తూ, "దీని మీద ఎవరో శ్రీ అని గీకిండ్రు," అన్నాడు.

మామయ్య కుర్చీలోంచి లేచాడు. "యాడ?"

"ఇగో, మూత అంచుకు. ఇంజన్ దిక్కు తిరిగి ఉండె, విప్పితె గాని కనబడలే. మూతకు నడుమ ఒక్కటే బోల్టు సేఠ్. ఎటు తిప్పి బిగించినా కూసుంటది."

మామయ్య దాన్ని తీసుకుని తువ్వాలతో తుడిచాడు. మేకుతో గీసిన శ్రీ. దుకాణంలో మూటల మీద ఆయన రాసే శ్రీ లాగే తోక పొడుగ్గా ఉంది. మేం అడగకుండానే చెప్పాడు. "నేనే గీకిన. బండి మెకానిక్ కాడ ఇడిస్తె గుర్తు పెట్టి ఇడువాలె అని మా నాయిన నేర్పిండు. బ్యాటరీ మీద, స్టెప్నీ మీద, పంపు మీద. ఆ రోజు సదాశివపేట కాడ చూస్తె గుర్తు కనబడలే."

"కరీం చాచా కాడ ఇడిసినప్పుడు గూడ గుర్తు పెట్టినవా నాన్న?" అన్నాడు ప్రణీత్.

మామయ్య పంపును అటూ ఇటూ తిప్పుతూ ఉన్నాడు. "అలవాటు," అన్నాడు చివరికి.

ఇంటికొచ్చాక ఆయనే ధైర్యం కూడదీసుకుని అన్నాడు, బండి నడిచినంక దాంట్లనే కరీం కాడికి పోయి తప్పయిందని చెప్పుకుంట అని. ప్రణీత్ అక్కడా ఇక్కడా అడిగితే కరీముల్లా కొల్లూరులో సర్కారు కట్టించిన డబుల్ బెడ్రూం ఇళ్లలో కొడుకు దగ్గర ఉంటున్నాడని తెలిసింది.

"బజార్ల అన్న మాట బజార్లనే వాపస్ తీసుకోవాలె," అంది అత్తమ్మ.

"ఇంట్ల కూసుండి మెల్లగ చెప్త. అది మా ఇద్దరి నడుమ మాట."

"తిట్టినప్పుడు ఇద్దరి నడుమ లేకుండె కదా."

మామయ్య అన్నం ముందు నుంచి లేచిపోలేదు గానీ, మళ్లీ వడ్డించుకోలేదు.

సామాన్లు ఒక్కొక్కటే దొరికాయి. పంపు తిరిగి బిగించే రోజు మామయ్య పక్కనే నిలబడి, గుర్తు బయటికి కనబడాలె అని చెప్పి మరీ మూత బిగింపించాడు. కరీముల్లా చూడాలని ఆయన కోరిక. చూస్తే సగం మాట చెప్పినట్టే అనుకున్నాడేమో. ఇంజన్ దగ్గింది, తుమ్మింది, ఆగింది. మళ్లీ దగ్గి, నల్లటి పొగ వదిలి, కుట్టుమిషను లాగా టకటకా పాడటం మొదలుపెట్టింది. నేను చప్పట్లు కొట్టాను. మామయ్య నన్ను చూసి నవ్వాడు. పెళ్లయిన నాటి నుంచి ఆయన ముఖంలో అంత వెలుగు చూడలేదు.

ఆదివారం ముగ్గురం బయలుదేరాం. ప్రణీత్ నడుపుతుంటే నేను ఆ పొడుగు సీటు మీద అతని భుజానికి భుజం ఆనించి కూర్చున్నాను. మూడు మూలల అద్దం తెరిస్తే రింగు రోడ్డు పక్క గాలి సన్నటి పాయగా వచ్చి మెడకు తగిలింది. ఎంత బాగుందో చెబుదామని వెనక్కి తిరిగాను. మామయ్య కిటికీలోంచి చూస్తూ పెదవులు కదుపుతున్నాడు. మాట బయటికి రావడం లేదు. ఎక్కడో తప్పు పోయినట్టు ఆగి, మళ్లీ మొదటి నుంచి కదుపుతున్నాడు. నేను ముందుకు తిరిగి, కొంచెం సర్దుకుని దూరంగా కూర్చున్నాను.

కొల్లూరులో ఆ ఎత్తైన బ్లాకుల మధ్య మా కారు ఆగగానే పిల్లలు మూగారు. బాల్కనీల్లోంచి ఆడవాళ్లు తొంగిచూశారు. ప్రణీత్ ముందే ఫోన్ చేశాడు కాబట్టి కరీముల్లా కోడలు హుస్నా ఆయన్ను వెంటబెట్టుకుని కిందికి వచ్చింది. బక్కపలచని మనిషి, తెల్ల గడ్డం. మమ్మల్ని చూడకముందే కారును చూశాడు.

"అరే, మన మీగడ బండి," అన్నాడు, ఆవరణంతా వినబడేటట్టు. "సేఠ్, నువ్వే తెచ్చినవా?"

మామయ్య దగ్గరికి వెళ్లాడు. "కరీం," అన్నాడు మెల్లగా.

"ఆ?"

"అబ్బాకు వినబడదు అంకుల్," అంది హుస్నా. "ఎడమ చెవి కాడ గట్టిగ అరవాలె. సంగారెడ్డిల షెడ్డు బంద్ అయినంక పటాన్‌చెరుల రేకులు కొట్టే ప్రెస్ షాపుల చేరిండు కదా. రిటైర్ అయ్యేదాక ఆ సప్పుడులనే. చెవుల మిషిన్ పెట్టుకోమంటె తల పగులుతదని తీసి పెడ్తడు."

వాన పడింది, బట్టలు తడిసినయ్ అన్నట్టు మామూలుగా చెప్పింది. మేమెవరమో ఆమెకు తెలియదు. పాత సేఠ్ అని మాత్రమే తెలుసు. మామయ్య చేయి కారు మీద ఆనింది.

చుట్టూ చూశాడాయన. పిల్లలు, వాచ్‌మన్, పాల ప్యాకెట్లతో ఆగిన ఇద్దరు మగవాళ్లు, బట్టలు పిండటం ఆపిన బాల్కనీ ఆడమనిషి. ఇంట్లోకి పోయినా ఆ పలుచని గోడలకు అరుపు ఆగదు. మామయ్య ఊపిరి పీల్చుకుని, కరీముల్లా ఎడమ చెవి దగ్గరికి వంగాడు. నేను ప్రణీత్ చేయి గట్టిగా పట్టుకున్నాను.

"బాగున్నవా?" అని అరిచాడు.

"బాగున్న సేఠ్. నువ్వే చిక్కినవ్."

మామయ్య మళ్లీ నోరు తెరిచాడు. "నేను," అన్నాడు. ఎవరో పిల్లవాడు నవ్వాడు. "ఇంట్ల అందరు మంచిగున్నరా?" అని అరిచాడు మామయ్య.

అందరు మంచిగున్నరు, అని కరీముల్లా తల ఊపి, ఇక ఆగలేనట్టు బానెట్ ఎత్తాడు. ప్రణీత్ ఆపకుండా వదిలిన ఇంజన్ మీద అరచేయి పెట్టి కళ్లు మూసుకున్నాడు. చప్పుడును చేతితో వింటున్నాడు. తర్వాత కళ్లు తెరిచాడు. పంపు కనబడింది. శ్రీ కనబడింది. బొటనవేలితో దాన్ని ఒకసారి తడిమి, మామయ్య వైపు చూశాడు. మామయ్య తలదించుకున్నాడు.

కరీముల్లా ఇంజన్ ఆపమని సైగ చేసి ప్రణీత్‌ను పాన అడిగాడు. మూత మీది బోల్టు వదులు చేశాడు. గుర్తు ఇంజన్ వైపు పోయేదాకా మూత తిప్పి, మళ్లీ బిగించాడు.

"గిట్లనే ఉండనియ్యి సేఠ్. అప్పుడు గూడ గిట్లనే తిప్పి పెట్టిన. బానెట్ ఎత్తితె పది మంది చూస్తరు."

అప్పటిదాకా అరిచినట్టే మాట్లాడిన మనిషి, ఆ మాట మాత్రం మెల్లగా అన్నాడు.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. స్నేహితుడు తనను నమ్మక గీసిన గుర్తును ఆయన ఆ రోజే చూశాడు. బజారు కంట పడితే సేఠ్‌కు చిన్నతనమని లోపలికి తిప్పి పెట్టాడు. దొంగ అనిపించుకున్నప్పుడు ఆ మూత తిప్పి చూపిస్తే సరిపోయేది. పాన కింద పెట్టి లోపలికి పోయాడు.

ప్రణీత్ మళ్లీ ఇంజన్ స్టార్ట్ చేశాడు. మామయ్య కరీముల్లా కుడి పక్కన నిలబడి, "మాఫ్ చెయ్యి కరీం," అన్నాడు. పక్కనే ఉన్న నాకే సరిగా వినబడలేదు.

పెదవులు కదలడం చూసి కరీముల్లా ఇటు తిరిగాడు. "ఆ?"

"ఏం లేదు," అని మామయ్య చేయి ఊపాడు. తర్వాత ఆశగా తలుపు తెరిచి, సీటు చూపించి, "కూసో, ఒక చక్కర్ కొట్టొద్దాం," అని అరిచాడు.

తలుపులు మూసుకుంటే అరవవచ్చు. నాకూ అదే తోచింది. కానీ కరీముల్లా నవ్వి తల అడ్డంగా ఊపాడు. "సప్పుడు వినబడకుంటె బండిల ఏం మజా సేఠ్. మీరు పోయిరాండ్రి." మామయ్యనే ఆ ముందు సీటులో కూర్చోబెట్టి తలుపు వేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను వెనక కూర్చున్నాను. బండి ఎంత సాఫీగా నడిచిందో. దారిలో సింగూరు గురించి నేనూ ఎత్తలేదు, ప్రణీతూ ఎత్తలేదు. ఆ గోనె సంచులు జరపకపోతే మామయ్యకు కనీసం కోపమైనా మిగిలేది.

కొంత దూరం వచ్చాక ప్రణీత్ స్లో చేశాడు. "యూ టర్న్ వస్తుంది నాన్న. ఎనుకకు తిప్పమంటవా?"

వెనక లారీ హారన్ కొట్టింది. యూ టర్న్ దాటిపోయింది.

ముందు అద్దంలో ఆయన ముఖం కనబడుతోంది. పోయేటప్పటి లాగే పెదవులు కదులుతున్నాయి.