నడిచే మచ్చ

ఆఫీసులో ఆమెను అందరూ చీపురక్క అంటారు. ఓ పెద్ద గ్రహం చుట్టూ తిరుగుతున్న నౌక పంపే ఫోటోలను ఊడ్చి శుభ్రం చేయడం ఆమె పని. ఆ గ్రహపు అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న కణాలు మహా జోరుగా వచ్చి కెమెరాకు తగులుతాయి. తగిలిన చోటల్లా ఓ తెల్లచుక్క. ఒక ఫోటోలో ఉన్నచోట తర్వాతి ఫోటోలో లేని చుక్కను తుడిచేసే ప్రోగ్రాం ఆమే రాసుకుంది. దానిమీద ఆమెకు కన్నబిడ్డ మీదున్నంత మురిపెం.

గ్రహం ధ్రువాల దగ్గర కాంతి వలయంలా వెలుగుతుంది. ఆ వలయం పక్కన, ఆ గ్రహం చుట్టూ తిరిగే ఓ చిన్న చందమామ ప్రభావంతో చుక్కంత మచ్చ కూడా వెలగాలని ఆమె రెండేళ్లుగా వాదిస్తోంది. ఎన్ని ఫోటోలు చూసినా జాడ లేదు. సోమవారం కల్లా చూపించలేకపోతే ఆ సంగతి వదిలేద్దామని ఆఫీసు పెద్దాయన మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెప్పినా గుచ్చుకుంది.

ఆదివారం ఆమె చెల్లెలు టైలరింగ్ షాపు తెరిచింది. ఎదురుగా జనం అడ్డొస్తున్నారని, ఫోన్లో వరసగా ఫోటోలు తీసి, కదిలేవాళ్లను చెరిపేయమని ఆ ఫోన్‌కే చెప్పింది. ఫోటోలో షాపు అద్దంలా వచ్చింది.

"నాన్నేడే?" అంది అక్క.

"అన్ని ఫోటోల్లోనూ ఉన్నాడే."

ఉన్నమాట నిజమే, ఒక్కచోట నిలబడితేగా. బోర్డు వంకరగా ఉందేమోనని ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నాడు.

"బోర్డు మోసుకొచ్చింది నేను. నన్నే లేపేశారా?" అన్నాడు నాన్న.

అందరూ పడీపడీ నవ్వారు. అక్క నవ్వు మాత్రం మధ్యలోనే ఆగిపోయింది. గ్రహం గిర్రున తిరుగుతుంది, చందమామ నిదానంగా సాగుతుంది. ఆమేమో పోల్చేముందు ప్రతి ఫోటోనూ గ్రహంతోపాటు తిప్పి, ముందుదాని మీద సరిగ్గా కూర్చునేలా సరిపెడుతుంది. మరి చందమామ వెంట నడిచే మచ్చ ఒక్కచోట ఎలా ఉంటుంది?

సోమవారం పొద్దున్నే ఊడ్వని ఫోటోలు తెరిచింది. ఎటుచూసినా చుక్కల గందరగోళం. చందమామ దారి లెక్కగట్టి అక్కడే వెతికింది. మచ్చ ఉంది. తర్వాతి ఫోటోలో కాస్త పక్కన ఉంది. ఆ తర్వాతిదాంట్లో ఇంకాస్త పక్కన. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఇన్నాళ్లూ ఎక్కడుందమ్మా ఇది?" అన్నాడు పెద్దాయన.

"నేనే ఊడ్చేశానండీ."

ఆయన ఫోటోలను ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. "ఇక ఊడ్చింది చాల్లే. కూర్చో, దీని గురించి పేపర్ రాద్దాం" అన్నాడు.

సాయంత్రానికి చెల్లెలి షాపులో ఫోటో మారింది. కొత్తదాంట్లో దారినపోయే జనం ఉన్నారు, మధ్యలో తలెత్తి బోర్డు చూస్తూ, కాస్త మసకగా, నాన్న ఉన్నాడు. అక్క తనకూ ఒకటి అడిగి తెచ్చుకుని, ఆఫీసు బల్లమీద మచ్చ ఫోటో పక్కనే పెట్టుకుంది.