నాయక్ మొదటి ముక్క

"తిను అన్నా! నువ్వు తినకుంటే తండాల ఎవ్వడూ విస్తరి ముట్టడు," అంటూ తమ్ముడు బిచ్యా కొవ్వు ముక్కను రూప్‌సింగ్ పెదాలకు అదిమిండు. మేక కొవ్వు గడ్డం మీదికి కారింది.

మణుగూరు బొగ్గు గనిలో డంపర్ నడిపే రూప్‌సింగ్ ఆ తండాకు పెద్ద, అంటే నాయక్ కూడా. మొక్కు మేకలో మొదటి ముక్క, అదీ కొవ్వుముక్క, నాయక్ నోట్లో పడ్డాకనే మిగతావాళ్లు తినాలె. ఇన్నేళ్లూ ఆ ఆచారాన్ని ఆయన పొట్ట నిండా కాపాడిండు. ఇప్పుడా పొట్ట స్టీరింగుకు ఆనుతోంది. మోకాళ్లు కుండల్లా ఉబ్బినయ్. రక్తపరీక్ష చూసిన డాక్టర్ సూటిగనే చెప్పిండు: "పొట్టల కొవ్వు ఊకె కూసోదు. ఒంట్ల వాపును రాజేస్తనే ఉంటది, గుండెకూ ముప్పే. వేపుళ్లు, కూల్‌డ్రింకులు, కొవ్వుమాంసం మానకుంటే..." మిగతాది భార్య హేమ్లికి అర్థమైంది. అప్పట్నించి ఇంట్లో జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర. తండాలో ఆమెకు కొత్త పేరు: మొగుణ్ని మాడ్చే మనిషి.

"ఇడిసిపెట్టు బిచ్యా, ఆయనకు పానం బాగలేదు," హేమ్లి మరిది చెయ్యి పట్టి లాగింది.

"నువ్వేంది వదినె, దేవుని కన్నా పెద్ద డాక్టరువా?"

హేమ్లి చెంప ఛెళ్లుమంది. పెదవి చిట్లి రక్తం జాకెట్ మీదికి కారింది. రూప్‌సింగ్ లేవబోయిండు, మోకాళ్లు లేవనియ్యలె. బిచ్యా ఒక చేత్తో అన్న దవడ నొక్కి, ఇంకో చేత్తో ముక్క కుక్కుతున్నడు. "మింగు!"

పక్కనే పూరీల నూనె సలసల కాగుతోంది. హేమ్లి కట్టెతో మూకుడును ఒక్క తోపు తోసింది. బిచ్యా కేక అడవి దాకా పోయింది. నూనె పడ్డ పాదం తోలు పేలికలా ఊడొచ్చింది. అతని పెండ్లాం లాలి గొడ్డలి తిరగేసి హేమ్లి భుజం మీద కొట్టింది. ఎముక పటుక్కుమంది.

నెల తిరిగినంక పంచాయితీ కూసుంది; నాయక్ ఇంటి తగువే గనుక తీర్పు తండా పెద్దలు చెప్పిన్రు. చెంపదెబ్బ ఇంటి సంగతట, గొడ్డలి దెబ్బ ఆవేశమట. తప్పు హేమ్లిదే, తండాకు మేకను కోసి పెట్టాలె. కొవ్వు కోసం జరిగిన కొట్లాటకు శిక్ష ఇంకింత కొవ్వు. మొదటి ముక్క మళ్లీ నాయక్‌కే.

మేక కూర దిగింది. రూప్‌సింగ్ తలపాగా విప్పిండు. చెమట తుడుచుకుంటడనుకున్నరు. దాన్ని బిచ్యా తలకు, కండ్లు బయటికొచ్చేంత గట్టిగా చుట్టిండు.

"ఇగ నాయక్‌వి నువ్వే. ముక్క నువ్వే తిను. నా పెండ్లాం మీద మళ్లా చెయ్యేసినవనుకో, నీకు ఇంకో కాలుంది."

"అన్నా, నేను..."

"మింగు!"

ఇంటికొచ్చినంక హేమ్లి ఒంటిచేత్తో జొన్నరొట్టె, తోటకూర పెట్టింది. రూప్‌సింగ్ ఆ రొట్టెను, అది బిచ్యా మెడ అన్నంత కసిగా విరిచిండు.