బీరువాలో చివరి ఆట

అట్టపెట్టెను రెండు చేతులతో ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల ఏదో చిన్నగా కదిలింది. ఇంకొకరైతే ఆ చప్పుడు వినిపించుకునేవారు కాదు. అతను మాత్రం అప్పుడే అంటించిన టేపును గోటితో లేపి, పెట్టె తెరిచి, పింగాణీ కప్పుల మధ్య నలిపిన కాగితం ఉండలు ఇంకో రెండు కూరాడు. మళ్లీ మూసి ఊపాడు. ఈసారి పెట్టె ఉలకలేదు, పలకలేదు. అప్పుడుగానీ పురికొస అందుకోలేదు.

పార్సిల్ ఆఫీసులో కిటికీ పక్క బల్ల అతనిది. జనం తెచ్చిన సామాను పెట్టెల్లో సర్ది, కట్టి, తూకానికి పంపడం పని. యాభై దాటిన మనిషి. బక్కపలచని ఒళ్లు, దానికి అతకనట్టుండే పెద్ద చేతులు. పురికొస లాగి లాగి చూపుడువేళ్ల మీద గీతలు పడి, ఆ గీతల్లో జనపనార దుమ్ము ఇంకిపోయింది. అతను వేసిన ముడి విప్పడం ఎవరి తరమూ కాదు, కత్తెర పెట్టాల్సిందే. అందుకే ఆఫీసులో పెద్దా చిన్నా అందరూ దారపుండ అని పిలుస్తారు. అసలు పేరుతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు.

ఇవాళ అతను కడుతున్న పెట్టె వదినది. సాయంత్రం బస్సుకు ఆవిడ చెల్లెలి ఊరు వెళ్లిపోతోంది. చుట్టపుచూపుకి కాదు, ఇక అక్కడే ఉండిపోవడానికి. బస్సులో మోసుకెళ్లలేని కప్పులూ గోడగడియారమూ అతను పార్సిల్ చేస్తున్నాడు.

తూకం దగ్గర కూర్చునే పెద్దావిడను అందరూ తూకమక్క అంటారు. నోరు పెద్దది, మనసు మంచిది. పెట్టె కాటా మీద పెట్టగానే ఆవిడ దాని ముడిని వేలితో మీటి చూసింది.

"ఏం కట్టావయ్యా, కోటగోడలాగా! ఒక్క కప్పు పగలనిస్తే ఏం పోయింది? ఆ పేరు చెప్పి నిన్ను తిట్టడానికైనా మీ వదిన తిరిగొచ్చేది."

"నేను కట్టింది పగలదక్కా," అన్నాడతను, నొచ్చుకుని.

తూకమక్క నెత్తి కొట్టుకుంది. "ఉండమని అడిగావా?"

"బీరువా ఖాళీ కాగానే వెళ్తానని ఆవిడే ముందు చెప్పారు కదా."

"ఆవిడ ఏం చెప్పిందని కాదు. నువ్వు అడిగావా అంటున్నా."

అతను పెట్టె అంచును కాటా మీద సరిగ్గా జరిపాడు. "అడగడానికి నేనెవర్నక్కా?"

"ఏడాది పొడుగునా ఎదురుగా కూర్చుని ఆడినవాడివి. ఇంకెవరు కావాలి?" అంటూ ఆవిడ పెట్టె మీద ముద్ర కొట్టింది. వరసలో వెనకున్న మనిషి గొణుగుతుంటే ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఆ బీరువా అతని అన్నది. అన్న కుట్టుమిషన్లు అమ్ముతూ ఊళ్లు తిరిగేవాడు. వెళ్లిన ఊరల్లా ఒక బోర్డు గేము కొనుక్కొచ్చేవాడు. రంగురంగుల మూతలు, లోపల మడత బోర్డులు, చెక్క పావులు, పాచికలు. అన్నీ వదిన చేతికిచ్చి, "రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుని ఆడేద్దాం," అనేవాడు. ఆవిడ వాటిని బీరువాలో పేర్చేది. పేర్చి పేర్చి బీరువా నిండింది గానీ, తీరిక మాత్రం రాలేదు. రిటైర్మెంటుకు కొద్దికాలం ముందు, ఎక్కడో లాడ్జి గదిలో, బూట్లు విప్పుకుంటూ ఒరిగిపోయాడు. ఆ చివరి ప్రయాణపు సంచిలో కూడా ఒక ఆట ఉంది.

దారపుండ మొదటినుంచీ అన్నావదినల ఇంట్లోనే ముందు గదిలో ఉండేవాడు. పెళ్లి సంబంధాలు వచ్చాయి, పోయాయి, తర్వాత రావడం మానేశాయి. అన్న పోయాక ఆ ఇంట్లో ఇద్దరు మిగిలారు. ఆవిడ వండి మూతపెట్టి పడుకునేది. అతను వచ్చి వంటింట్లో నిలబడి తిని, గిన్నె కడిగి బోర్లించేవాడు. ఒకే కప్పు కింద ఉండి ముఖాలు చూసుకోకుండా చాలాకాలం గడిపారు.

పోయినేడు ఒక శనివారం, ఒంటిపూట ఆఫీసు ముగించుకుని వచ్చేసరికి ఆవిడ బీరువా తలుపులు బార్లా తెరుచుకుని కూర్చుని ఉంది.

"మీ అన్న వీటిలో ఒక్కటంటే ఒక్కటి నాతో ఆడలేదోయ్. వీటినిలా వదిలేసి పోవడం నావల్ల కాదు. శనివారం శనివారం కూర్చుందాం. ఆడినవి ఆడినట్టు పిల్లల ఆసుపత్రికి పంపేద్దాం. బీరువా ఖాళీ అయ్యాక మా చెల్లి దగ్గరికి పోతా. అది ఎప్పట్నుంచో రమ్మంటోంది."

"సరే వదినా," అన్నాడు. అతనికి పని అప్పగిస్తే చాలు. అక్కడే వచ్చింది చిక్కంతా. ఆవిడ ఆడదామంటే, అతను పూర్తిచేయాలని విన్నాడు.

ఆడటం మాత్రం ఆడాడు. ఆవిడకు మోకాళ్ల నొప్పి, అందుకని మంచం మీద బోర్డు పరిచి, తను కింద పీట వేసుకునేవాడు. ఆవిడ కళ్లజోడు ఒక కాడ విరిగిపోతే దారం కట్టుకుంది. ఆ దారం సర్దుకుంటూ నియమాల కాగితం రెండేసిసార్లు చదివించేది. దొంగాటలు ఆడేది. అతను నీళ్లు తాగడానికి లేస్తే చాలు, తన పావు రెండు గళ్లు ముందుకు నడిచేది. పట్టుకుంటే, "గాలికి జరిగిందేమో," అనేది. ఓడిపోతుంటే పోయిన మొగుణ్ని తిట్టేది, గెలిస్తే సన్నగా కూనిరాగం తీసేది. పక్కగదిలో అన్నేళ్లు ఉండి ఆవిడకు పాట వచ్చని అతనికి తెలియదు. శుక్రవారం సాయంత్రానికే అతని మనసు తేలికపడేది. ఆఫీసులో ముడి వేస్తూ వేస్తూ తనలో తాను నవ్వుకునేవాడు. దాన్ని సంతోషమంటారని మాత్రం తోచలేదు. పని సవ్యంగా సాగుతోంది కదా, అందుకే బాగుందనుకున్నాడు.

అన్నిట్లోకీ ఆవిడకు నచ్చింది పడవల ఆట. నది మీద రెండు పడవలు పళ్లు మోసుకెళ్లాలి, దారిలో సుడిగుండాలు. ఆ రోజు ఆవిడ అతని పడవను మూడుసార్లు ముంచింది. మూడోసారి పగలబడి నవ్వి, నవ్వి, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. "వచ్చేవారం మళ్లీ ఇదే ఆడదామోయ్," అంది.

మరుసటి శనివారం బీరువా తెరిచి ఆవిడ వెతుక్కుంది. "పడవలదేదీ?"

"సోమవారమే పంపేశాను వదినా. పిల్లలకు తొందరగా అందుతుందని."

ఆవిడ ఆ ఖాళీ చోటు వైపు కాసేపు చూసింది. "మంచి పని చేశావు," అంది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆరు నెలలు గడిచాక అతనే లెక్క చూసుకుని, ఈ వరసన పోతే ఏడాదిలో బీరువా ఖాళీ అవదని కంగారుపడ్డాడు. "బుధవారం సాయంత్రాలు కూడా కూర్చుందామా వదినా? మీ చెల్లెలుగారు ఎదురుచూస్తుంటారు," అన్నాడు. ఆవిడ పావులు డబ్బాలో వేస్తూ, "నీ ఇష్టం," అంది. అప్పట్నుంచి ఆవిడ పాచిక వేయడానికి చాలాసేపు తీసుకునేది. గుప్పిట్లో ఆడిస్తూ కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చునేది. "వదినా, మీ వంతు," అని గుర్తుచేసేవాడు.

పై వాటా వాళ్లు ఇల్లు ఖాళీ చేసిన రోజు కూడా ఆవిడ ఒక మాట అంది. "ఎవరైనా ఉండమంటే ఉంటారు గానీ, ఊరికే ఎవరుంటారోయ్?" అతను ఆ మాట పై వాటా వాళ్ల గురించే అనుకున్నాడు.

ఇవాళ మధ్యాహ్నం ఇంటికి చేరేసరికి వదిన గది బోసిగా ఉంది. కిటికీ తెర తీసి మడతపెట్టింది. మంచం పక్కన బట్టల పెట్టె, దానిమీద చేతిసంచి. ఇద్దరూ భోంచేశారు. బీరువాలో ఒక్క పెట్టె మిగిలింది, అన్న చివరిసారి తెచ్చిన కొండెక్కే ఆట. అతను దాన్ని దించాడు. మూత మీద కొండ, తాళ్లు పట్టుకుని పాకుతున్న మనుషులు. కిందటి వారం దుమ్ము దులిపినప్పుడు లోపల గలగలమన్నట్టు గుర్తు. ఇప్పుడు పావుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

మూత తీస్తే బోర్డుంది, పావులున్నాయి, చీట్లున్నాయి. పాచిక లేదు.

అతను పెట్టె బోర్లించి దులిపాడు. బీరువా కింద చెయ్యి పెట్టి తడిమాడు. నేల మీద బోర్లా పడుకుని మంచం కింద వెతికాడు. ఆవిడ మంచం మీంచి కదల్లేదు.

"పాచిక లేకుండా ఎలా ఆడతాంలే," అంది. "మిగతావన్నీ పంపేశావు కదా, అందులోంచి తీసుకుందామన్నా లేదు. ఇది ఆడకపోతే బీరువా అయిపోనట్టే లెక్క."

అలా అని, కళ్లజోడు మీంచి అతని వైపు చూస్తూ ఆగింది. ఆ చూపు అతను చూశాడు. పాపం, చివరి ఆట చెడిందని ఆవిడ బాధపడుతోందనుకున్నాడు.

"మీరేం కంగారు పడకండి వదినా, నేనున్నానుగా!"

ఆఫీసు సంచిలో సామాను పెట్టెల చెక్కముక్కలు ఎప్పుడూ ఉంటాయి. ఒకటి తీసి, వంటింటి కత్తితో చెక్కి, గడప రాతి మీద అరగదీశాడు. అంచులు వేలితో తడిమి చూసుకుంటూ మళ్లీ అరగదీశాడు. పెన్నుతో చుక్కలు పెట్టాడు. ఏ ముఖమూ మొగ్గకుండా ఉందో లేదోనని నేల మీద వేసి వేసి చూశాడు. చెమట పట్టిన ముఖంతో, వెలిగిపోతూ, తెచ్చి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"బస్సుకి ఇంకా బోలెడు టైముంది. సుఖంగా ఆడుకోవచ్చు."

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నీకు రాని పని లేదోయ్," అంది. గుప్పిట మూసి, "ఒక్కటి తప్ప."

"ఏంటి వదినా అది?"

"ఏం లేదులే. వెయ్యి."

ఆడారు. ఆవిడ ఒక్కసారి కూడా దొంగాట ఆడలేదు. అతను కావాలని నీళ్లకు లేచి, తిరిగొచ్చి చూస్తే ఆవిడ పావు పెట్టినచోటే ఉంది. కొండ మీదికి ముందు ఆవిడే చేరింది. పాట తీయలేదు. అతను బోర్డు మడిచి, పావులతోపాటు చెక్క పాచికను కూడా పెట్టెలో పెట్టి, పురికొస చుట్టి ముడి బిగించాడు. "సోమవారం పంపేస్తా," అన్నాడు. బీరువా ఖాళీ అయింది.

బస్టాండులో జనం పలచగా ఉన్నారు. పెట్టె డిక్కీలో పెట్టించి, ఆవిడ సీటు పక్క కిటికీ కిందికి వచ్చి నిలబడ్డాడు. ఉండండి వదినా అన్న మాట గొంతుదాకా వచ్చింది. తూకమక్క అన్న మాటలు పొద్దుట్నుంచీ బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. కానీ సామాను పంపేశాక, టికెట్టు కొన్నాక, ఇప్పుడు అంటే ఆవిడకు ఇబ్బందిగా ఉండదూ? చెల్లెలు ఏమనుకుంటుంది?

"పార్సిల్ మంగళవారానికి అందుతుంది," అన్నాడు. "తెరిచే ముందు ఒకసారి ఊపి చూడండి. చప్పుడు రాదు."

"తెలుసు," అంది ఆవిడ. "వేళకి తిను. నిలబడి తినకు."

బస్సు కదిలింది. ఆవిడ చెయ్యి ఊపలేదు, తిరిగి చూడటం మాత్రం మలుపుదాకా మానలేదు. అతను మలుపు దగ్గర దుమ్ము అణిగేదాకా నిలబడి, నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

ఇంకా వెలుతురుంది. ఆవిడ గది కిటికీ వేద్దామని లోపలికి వెళ్లాడు. రెక్క మూసి, గడియ పెట్టి, వెనక్కి తిరిగినప్పుడు గోడ అలమర కంటబడింది. ఆవిడ తలనూనె సీసా ఉండే చోటు అది. సీసా వెళ్లిపోయింది. ఏళ్ల తరబడి అది కూర్చున్నచోట చెక్క మీద గుండ్రంగా నూనె మరక మిగిలింది. ఆ మరక నడుమ పాచిక ఉంది.

తను చేసింది కాదు. తెల్లటిది, నున్నటిది, ఎర్ర చుక్కలది, అన్న తెచ్చిన ఆటలోది.

ముందు అతనికి దొరికిందన్న సంతోషమే కలిగింది. అంతలోనే మంచం మీద కూలబడ్డాడు. అది పోలేదు. ఆవిడే తీసి దాచింది, వెళ్లేముందు ఇక్కడ పెట్టింది. ఏడాదంతా నోటితో అడగలేనిది, చివరికి పాచిక దాచి అడిగింది. తను గడప దగ్గర కూర్చుని, చెమటోడ్చి, దానికి బదులు ఇంకోటి చెక్కి ఆవిడ చేతిలో పెట్టాడు. వెళ్లండి అని అంతకంటే గట్టిగా ఎవరు చెప్పగలరు?

ఉండండి అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటకు ఎన్ని శనివారాలు దొరికాయి, ఎన్ని బుధవారాలు తనే కల్పించాడు. పడవల ఆట ఒక్క వారం ఆపితే ఆసుపత్రి పిల్లలు ఏమీ అనుకునేవారు కాదు. పెద్ద చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, అతను చాలా ఏళ్ల తర్వాత గట్టిగా ఏడ్చాడు. బస్సు ఈపాటికి ఊరు దాటి ఉంటుంది.

లేచి అలమర దాకా వెళ్లి, తీసుకుందామని చెయ్యి చాపి, మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మసకపడుతున్న గదిలో, నూనె మరక మీద, ఆవిడ పెట్టివెళ్లిన చోటే, ఆ ఎర్ర చుక్కల పాచిక అలాగే ఉంది.