పందెం శనివారం

బార్న్స్‌లీ ఊళ్లో పావురాల పందెం ఉన్న శనివారం డోరీన్ పెరట్లోకి అడుగు పెట్టకూడదు, దండెం మీద గుడ్డముక్క ఆరేయకూడదు. దుప్పటి రెపరెపలాడితే, ఎక్కడో దూరాన వదిలితే ఎగిరి ఇంటికి తిరిగొచ్చే పావురం బెదిరి పెరట్లోని గూట్లోకి దూరదట.

"ట్రోఫీ ఊరికే వస్తుందా? ఆమాత్రం వదులుకోవద్దూ!" అంటాడు మొగుడు క్లిఫర్డ్. ఇరవై రెండేళ్లుగా వదులుకుంటున్నది ఆవిడ, ట్రోఫీలు ఆయనవి.

ఇవాళా తడిబట్టల బుట్ట పక్కన పెట్టుకుని వంటింటి కిటికీ వెనకే నిలబడింది. మధ్యాహ్నానికి ఓ పావురం వచ్చి గూటి మీద వాలింది. లోపలికి దూరితేనే గెలుపు. అది కదలదే!

క్లిఫర్డ్ గింజల డబ్బా గలగలలాడిస్తూ బతిమాలుతున్నాడు. "రావే, నా బంగారం కదూ, రావే!"

డోరీన్ అద్దానికి మొహం ఆనించి గొణిగింది. "దూరకే పిచ్చిదానా! నన్నూ అచ్చం ఇలాగే పిలిచాడు, లోపలికొచ్చేదాకా."