చప్పుడమ్మ

చీపురును గోడకు ఆనించి, ఆయా సగం నీళ్లున్న ఇనుప బకెట్టును మళ్లీ ఒకసారి ఈడ్చింది. నేల ఎప్పుడో ఆరిపోయింది. అయినా ఈడ్చింది. లోపల నర్సమ్మ గొంతు కాస్త పెరిగిందంటే చాలు, ఆమె చెయ్యి దానంతటదే బకెట్టు పిడిమీదకు పోతుంది.

హెచ్‌ఐవీ మందులిచ్చే ఆ ఆసుపత్రిలో చివరి గది కుటుంబ నియంత్రణది. పిల్లలు ఇప్పుడే వద్దనుకునేవాళ్లు, కావాలనుకుని భయపడేవాళ్లు అక్కడికే వస్తారు. పేరుకే గది. తలుపు వానలకు ఉబ్బిపోయింది; ఎంత లాగినా జానెడు సందు మిగులుతుంది. సందుకు ఎదురుగా బెంచీ, బెంచీ నిండా అత్తలు, ఆడపడుచులు, మొగుళ్లు. లోపల ఒక మాట అంటే అది వచ్చి ఆ బెంచీమీద కూర్చుంటుంది. అందుకే ఆయా అక్కడే తుడుస్తుంది, ఈడుస్తుంది, దగ్గుతుంది, లేని ఈగల్ని తోలుతుంది. సిబ్బంది ఆమెకు చప్పుడమ్మ అని పేరు పెట్టారు. అలా పిలిస్తే ముందుపళ్ల మధ్య సందు కనిపించేలా నవ్వుతుంది. బక్కచేతులు, పగిలిన మడమలు, పైకెత్తి దోపుకున్న చీర.

ఒకప్పుడు ఆమె జబ్బు సంగతి కూడా ఇలాంటి సందులోంచే తోడికోడలి చెవిన పడింది. ఆయా ఇల్లు చేరేసరికి తన కంచం, గ్లాసు గుమ్మం బయట ఉన్నాయి. ఇప్పటికీ ఆ కంచంలోనే తింటుంది, అద్దెగదిలో, ఒక్కతే. మందులు ఇక్కడే తీసుకుంటుంది. తన గురించి ఏడవడం ఎప్పుడో మానేసింది గానీ, ఆ తలుపు సందును చూస్తే మాత్రం చేతులు ఊరుకోవు.

ఈ రోజు పొద్దుటినుంచీ ఆసుపత్రిలో హడావుడి. సేవలు ఎలా ఉన్నాయో చూసి మార్కులు వేయడానికి పైనుంచి ఒక మేడమ్ వచ్చింది. లోపల ఓ మూల కూర్చుని నర్సమ్మ ఏం చెబుతోందో, ఎవరినైనా కసురుకుంటోందో గమనిస్తోంది. మంచిదే, చూడాల్సిందే. ఆయా భయం వేరు. ఆమె కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతుంది.

మొదటి మనిషి వెళ్లిపోగానే మేడమ్ బయటికి వచ్చింది.

"ఆ చప్పుడు మీరేనా అమ్మా? లోపల ఒక్క ముక్క వినపడట్లేదు."

"నేల తుడుస్తున్నానండి."

"పొడిగానే ఉందిగా! ఇక చాల్లెండి. వచ్చినవాళ్లు ప్రశాంతంగా మాట్లాడుకోవాలి కదా."

మర్యాదగానే అంది. వెనకున్న సూపరింటెండెంటు మాత్రం గుడ్లురిమాడు. "ఇంకొక్కసారి చప్పుడైందా, ఈ నెలతో నీకో దండం."

సంగతి చెబుదామని ఆయా నోరు తెరిచింది. చెబితే ఇన్నాళ్లూ మాటలు బయటికి పోతున్నాయని తేలుతుంది, ఆ మచ్చ నర్సమ్మకు అంటుతుంది. నోరు మూసుకుని బకెట్టు పక్కన చతికిలబడింది.

అప్పుడే వచ్చారు ఆ అత్తాకోడళ్లు. కొడుకుకీ కోడలికీ జబ్బు ఉన్న సంగతి అత్తకు తెలుసు. తెలియనిది ఒక్కటే. వైరస్ అదుపులోకి వచ్చేదాకా కడుపు వద్దని డాక్టరు చెబితే, కోడలు గుట్టుగా మూడు నెలలకోసారి సూది వేయించుకుంటోంది. అత్తకేమో కొడుకు దక్కుతాడో లేదోనన్న దిగులు. వాడి గుర్తుగా ఒక నలుసు కావాలి, లేదంటే కోడల్ని పుట్టింటికి తోలేస్తానంటోంది. ఈ గదికి వచ్చింది కూడా పిల్లల కోసమేననుకుంటోంది.

కోడలు లోపలికి వెళ్లింది. అత్త బెంచీమీద కొంచెం జరిగింది. ఇంకొంచెం జరిగింది. ఇప్పుడు ఆమె చెవి సరిగ్గా సందుకు ఎదురుగా ఉంది.

"పెద్దమ్మా, ఇటు ఫ్యాను కిందకి రా, గాలొస్తుంది" అంది ఆయా.

"ఇక్కడే బాగుంది. నువ్వు కాసేపు ఊరుకో తల్లీ."

లోపల నర్సమ్మ అడుగుతోంది: "పోయినసారి వేయించుకున్నాక ఏమైనా ఇబ్బంది పడ్డావామ్మా?"

"పోయినసారా?" అత్త మెడ ముందుకు సాగింది.

ఆయా దగ్గబోయి ఆగింది. వరండా చివర నిలబడి సూపరింటెండెంటు ఇటే చూస్తున్నాడు. ఆయాకు మాత్రం గుమ్మం బయటి కంచం కనబడింది.

లేచి బకెట్టును ఒక్క తన్ను తన్నింది.

వరండా అంతా మోత. మురికినీళ్లు అత్త కాళ్లను తడిపి, తలుపు కిందనుంచి లోపలికి పోయాయి. "ఓసి నీ దుంపతెగా! నా చీర!" అంటూ అత్త దూరంగా గెంతింది. ఆయా ఆమె కాళ్లు కొంగుతో తుడుస్తూ, తప్పయిందంటూ, కావాలని గట్టిగా ఏడ్చింది. ఏడుపులో సగం నిజమే. సూది వేయించుకుని కోడలు బయటికి వచ్చేదాకా ఆపలేదు.

"ఏం సూదే అది? పోయినసారి కూడా వేశారంటగా!"

"బలానికి అత్తయ్యా. అప్పుడూ అదే."

వెళ్తూ వెళ్తూ కోడలు ఆయావైపు ఒకసారి చూసింది.

మేడమ్ తడిసిన చెప్పులతో వచ్చి తలుపు లాగింది. సందు చూసింది. బెంచీమీద కూర్చుంది. సూపరింటెండెంటుతో ఆయా గురించి ఏదో చెప్పబోయింది గానీ, ఆయన వినిపించుకోలేదు.

నెలాఖరున ఆయా వెళ్లిపోయింది. మందుల కిటికీ దగ్గర తన డబ్బా తీసుకుని, సంచిలో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా వెనక గుమ్మంలోంచి పోయింది. బకెట్టు ఆసుపత్రిది కాబట్టి అక్కడే వదిలేసింది.

తర్వాత ఆ గదికి కొత్త తలుపు వచ్చింది. మేడమ్ రాసిందట. చక్కగా పడుతుంది, గడియ కూడా ఉంది. బెంచీని దూరంగా జరిపారు. అయినా నర్సమ్మ ఆ సొట్టబకెట్టును లోపల తన కుర్చీ పక్కనే పెట్టుకుంది. వచ్చినామె నోరు విప్పలేక మూసిన తలుపువైపే చూస్తూ కూర్చుంటే, దాని పిడిని ఒకసారి ఎత్తి ఠంగున వదులుతుంది.