పందుల తుపాకి

సుబ్బరావమ్మకు తుపాకి లైసెన్సు వచ్చిందని తెలిసిన రోజు ఊళ్లో నవ్వనివాడు పాపాత్ముడు. యాభై రెండేళ్ల ఆడమనిషి తుపాకి పట్టుకుని పందుల్ని కాస్తుందట! నవ్వినవాళ్లకు ఆమె తుపాకి ఎందుకు అడిగిందో తెలియదనుకోకండి. అందరికీ తెలుసు. తెలిసీ నవ్వడమే మా ఊరి గొప్ప.

ఆమె మొగుడు గురునాథం నాలుగేళ్ల కిందట తెల్లవారి నీళ్లు మళ్లించడానికి పొలం వెళ్లాడు. పక్క చేను త్రినాథ్ అడవిపందుల కోసం గట్టు వెంట కట్టిన కరెంటు తీగ తగిలి అక్కడికక్కడే పోయాడు. త్రినాథ్ పరాయివాడు కాదు, "బాబాయ్, బాబాయ్" అంటూ వెంట తిరిగినవాడే. శవం లేవకముందే తీగ మాయమైంది. కోర్టులో సాక్షులు ఒకరి తర్వాత ఒకరు బోనెక్కి "మేం చూడలేదండి" అని దిగిపోయారు. కేసు పోయింది. ఆ తర్వాత త్రినాథ్ మెడలో ఒక పార్టీ కండువా వేసుకుని, డజను తెల్లచొక్కాలు కుట్టించుకున్నాడు.

పందులకు మాత్రం కేసులూ కండువాలూ పట్టవు. సత్తెనపల్లి అవతలి ఆ మెట్ట చేలల్లో మొక్కజొన్న కంకి పాలుపోసుకుందంటే చాలు, గుంపులుగా దిగుతాయి. సుబ్బరావమ్మ చేయని ప్రయత్నం లేదు. పాత చీరలు చేను చుట్టూ కట్టింది. మంగలి కొట్టు నుంచి జుట్టు గోతాలకెత్తి తెచ్చి గట్ల మీద చల్లింది. గొంతు పోయేలా అరుస్తూ పళ్లెం కొట్టింది. పందులు వారం రోజులు బెదిరి, ఎనిమిదో రోజు ఆ చీరలే తొక్కుకుంటూ వచ్చాయి.

"పిచ్చిగానీ, నువ్వూ తీగ కట్టు. పీడ పోద్ది" అన్నారు అందరూ.

"నా చేలో తీగ కట్టను. ఇంకో ఇంటి దీపం ఆర్పను" అంది. అదీ ఆమె పంతం. తీగ లేకుండా పంట నిలబెట్టి ఈ ఊరికి చూపించాలి. అందుకే పంట కాపాడుకోవడానికి ఇచ్చే, గొట్టంలో మందు కూరి పేల్చే మందు తుపాకి కోసం అర్జీ పెట్టింది. మూడేళ్లు తిప్పారు. వెళ్లినప్పుడల్లా స్టేషన్లో ఒకటే మాట: "మీకూ ఆ త్రినాథ్‌కీ పాత గొడవ ఉంది గదమ్మా!"

మందు తుపాకి సంగతి తెలిసినవాడు ఊళ్లో రంజాన్ ఒక్కడే. నలభై ఏళ్లు అందరి చేలూ కాశాడు. ఆ మోతలకు చెవులు పోయాయి. తర్వాత చూపూ మందగించడంతో తుపాకి అప్పగించేసి ఇంటిపట్టున కూర్చున్నాడు. ఆయన్ని వెంటబెట్టుకుని సుబ్బరావమ్మ గుంటూరు బస్సెక్కింది.

తుపాకుల కొట్టాయన ఆమెను చూడనైనా చూడకుండా రంజాన్‌ను "ఏ రకం కావాలండీ?" అని అడిగాడు. రంజాన్‌కు వినపడలేదు. రెండోసారి గట్టిగా అడిగాడు.

"తుపాకి నాకండీ" అంది సుబ్బరావమ్మ.

మొదట తీసింది నిగనిగలాడే తుపాకి. భుజానికి ఆనించే చెక్క మడమకు ఇత్తడి పూలు. ఎత్తి పట్టుకుంటే ఆమె మణికట్లు వణికాయి. "వద్దమ్మా. పూలు పందులకు కనపడవు, బరువు మాత్రం నీకు తెలుస్తది" అన్నాడు రంజాన్. రెండోది తేలిగ్గా ఉంది. "గొట్టంలో కడ్డీ జారవిడువు. టంగుమంటే లోపల శుభ్రంగా ఉన్నట్టు. దబ్బుమంటే తుప్పో, పాత మందో పేరుకున్నట్టు. నాకు వినపడి చావదు, నువ్వే విను." దబ్బుమంది.

మూడోది ఎవరో ఏళ్ల తరబడి వాడింది. చెక్క అరిగి నున్నబడింది. మడమ పొట్టి, ఆమె భుజానికి కుదిరింది. కడ్డీ టంగుమంది. మందును పేల్చే ఇనప గుర్రం వెనక్కి లాగబోతే బొటనవేలు నొప్పి పుట్టింది.

"బిగువుగా ఉందన్నా" అని ఆయన చెవి దగ్గర అరిచింది.

"కొత్తవాళ్లకు అట్టాగే ఉండాలి. తేలిగ్గా పడే గుర్రం మనిషిని అడక్కుండా పడుద్ది. ఇది నిన్ను ఒకటికి రెండుసార్లు అడుగుద్ది."

అదే తీసుకుంటానంది. నాలుగేళ్ల తర్వాత తన చేత్తో తాను ఎంచుకున్న వస్తువు అది. ఆ సంతోషం ఆమె మొహంలో ఇంకా ఉండగానే తలుపు తీసుకుని త్రినాథ్ లోపలికి వచ్చాడు.

కొట్టాయన లేచి నిలబడ్డాడు. మఖమల్ పెట్టె తెరిచి రివాల్వర్ బల్ల మీద పెట్టాడు. "మొదటిది గదా సార్, మీ చేతికి ఇదైతే బాగుంటుంది. కాయితాలు కూడా బ్రహ్మాండంగా ఉన్నయ్. ఆత్మరక్షణ, ప్రాణాపాయం… ఎనిమిది నెలల్లో లైసెన్సు వచ్చేసింది! ఎవరండీ సార్ మిమ్మల్ని అంత భయపెట్టేది?"

త్రినాథ్ ఇటు తిరిగాడు. ఆమె చేతిలో తుపాకి చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పిన్నీ… నువ్వేంది ఇక్కడ?"

సుబ్బరావమ్మకు అప్పుడు వెలిగింది. ఏ గొడవ పేరు చెప్పి తనను మూడేళ్లు తిప్పారో, ఆ గొడవే చూపించి వీడు ఎనిమిది నెలల్లో రివాల్వర్ తెచ్చుకున్నాడు. చంపినవాడికి ప్రాణభయం. చచ్చినవాడి పెళ్లాం వల్ల!

"నేనేనండీ" అంది కొట్టాయనతో. "ఈ అబ్బాయికి ప్రాణాపాయం నేనే."

తిరుగు బస్సులో గోనెగుడ్డ చుట్టిన తుపాకి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒట్టేసి చెప్పొచ్చు, అప్పటిదాకా ఆమె తలలో పందులు తప్ప మనిషి లేడు. తుపాకితో అలాంటి పని కూడా చేయొచ్చని ఆమెకు నేర్పింది వాడి భయమే.

మొదటి మోత ఒక సాయంత్రం మోగింది. పందులు గట్టెక్కగానే రంజాన్ నేర్పినట్టు మందు పోసి, పీలిక కూరి, రవ్వ పుట్టించే టోపీ పెట్టి, ఆకాశంలోకి కాల్చింది. పొగ కమ్మేసింది. పొగ తేరుకున్నాక చూస్తే పందులు లేవు. పక్క చేలో తెల్లచొక్కా త్రినాథ్ మిరప చాళ్ల మధ్య బోర్లా పడి ఉన్నాడు, రెండు చేతులూ తల మీద పెట్టుకుని.

సుబ్బరావమ్మ నవ్వింది. పడీపడీ నవ్వింది. మొగుడు పోయాక అంత నవ్వు ఆమె నోటి నుంచి ఎవరూ వినలేదు.

మర్నాడు పందులు రాలేదు. తెల్లచొక్కా వచ్చింది. ఆమె కాల్చింది. ఆ మర్నాడూ కాల్చింది. అది తప్పని ఆమెకు తెలుసు. తెలిసినా సాయంత్రం ఎప్పుడవుతుందా అని పొద్దున్నుంచీ కాచుకుని కూర్చునేది.

రోజూ తెల్లారి చేలోకి వచ్చి తుపాకి కడిగిపెట్టే రంజాన్ ఊరుకోలేదు. "మందు పందులకమ్మా, మనుషులకు కాదు."

"ఆకాశంలోకే గదన్నా కాల్చేది" అని ఆయన చెవిలో అరిచింది.

"పైకి కాల్చినా భయం కిందే పడుద్ది. ఆ భయం ఏం చేస్తదో నీకు తెలవదు."

ఆమె వినలేదు. చెవులు పోయింది ఆయనకు కదా!

త్రినాథ్ సాయంత్రాలు పొలం రావడం మానేశాడు. కాపలా లేని చేలోకి పందులు మళ్లాయి. రెండు రోజుల్లో మూలనున్న మిరప మడంతా తవ్వి పారేశాయి. సుబ్బరావమ్మ గట్టు మీద నిలబడి చూసి, తిక్క కుదిరిందనుకుంది.

నాలుగో రోజు తెల్లవారుతుండగా ఆమె తుపాకి పట్టుకుని చేలోకి వచ్చింది. గట్టు కింద ఏనుగు గున్నంత పంది పడి ఉంది. ఒంటి మీద దెబ్బ లేదు. మూతి దగ్గర వెంట్రుకలు కాలిన వాసన. ఆ వాసన ఆమెకు తెలుసు. తలెత్తి చూస్తే, గట్టు వెంట మోకాలెత్తున సన్నటి తీగ మంచులో మెరుస్తోంది. సరిగ్గా గురునాథం పడిన చోటే.

తీగకు అవతల, త్రినాథ్ చేనుకు అడ్డంపడి, కర్ర పొడుచుకుంటూ రంజాన్ వస్తున్నాడు. రోజూ వచ్చే అడ్డదారే.

"అన్నా, ఆగు! తీగ! తీగ!"

ఆయన తలెత్తి, తనను పలకరిస్తోందనుకుని చెయ్యూపాడు. తుపాకి పేలిస్తే? ఆ మోత ఒక్కటే ఆయనకు వినపడుతుంది. వినపడితే పందులు చేలో పడ్డాయనుకుని ఇంకా త్వరగా వస్తాడు. సుబ్బరావమ్మ గట్టు మీద, తీగకు కరెంటు అందే త్రినాథ్ మోటారు షెడ్డు వైపు పరుగెత్తింది. ఆ పరుగులో చేతిలో తుపాకి ఉన్న సంగతే మరిచిపోయింది. షెడ్డు గుమ్మంలో నిలబడ్డ త్రినాథ్‌కు అది తప్ప ఇంకేమీ కనపడలేదు. లోపలికి దూకి ఇనప తలుపు వేసుకున్నాడు.

"కరెంటు తియ్యరా! రంజానన్న వస్తన్నాడు!"

"రాకు పిన్నీ! నా దగ్గర రివాల్వర్ ఉంది, కాల్చేస్తా!"

"నీ కాళ్లు మొక్కుతారా, తియ్యి!"

"తుపాకి పడెయ్యి ముందు! సందులోంచి నాకు కనపడేట్టు కాలవలో పడెయ్!"

ఒక్క క్షణం ఆగిందా? ఆగింది. ఆ మాట తర్వాత ఆమే చెప్పుకుని ఏడ్చింది. వాడు ఇనప రేకు వెనక రెండు మూరల దూరంలో ఉన్నాడు, గుర్రం ఆమె బొటనవేలి కింద ఉంది. బిగువుగా ఉంది. అడిగింది. ఆమె తుపాకిని కాలువలోకి విసిరేసింది. లోపల స్విచ్చి టక్కుమంది.

మిరప చేను చివర రంజాన్ తీగకు కాలు తగిలి ముందుకు పడ్డాడు.  ఆయన మెల్లగా లేచి మోకాలు దులుపుకున్నాడు.

"ఎవడమ్మా ఇక్కడ తీగ కట్టింది?" అన్నాడు చిరాగ్గా.

పోలీసులు వచ్చేసరికి తీగ లేదు. పందీ లేదు, మధ్యాహ్నానికి ఊళ్లో పది ఇళ్లలో కూరై ఉడికింది. తిన్నవాళ్లు "మేం చూడలేదండి" అన్నారు. అలవాటైన మాట కదా, తడుముకోలేదు. ఉన్నదల్లా కాలువలో దొరికిన తుపాకి, దాంతో తెల్లారగానే పక్కవాడి షెడ్డు మీదికి పరుగెత్తిన ఆడమనిషి. రంజాన్ ఒక్కడే జరిగింది జరిగినట్టు చెప్పాడు. "నీకు చూపు ఆనదు, చెవులు వినపడవు, నువ్వేం సాక్షివయ్యా" అన్నాడు రాసుకునే ఆయన. త్రినాథ్ వైపు తిరిగి, "మీకు రివాల్వర్ ఇవ్వడమే మంచిదయింది" అని కూడా అన్నాడు. ఆమె లైసెన్సు రద్దయింది.

కంకులు ఇంకా కోతకు రాలేదు. సుబ్బరావమ్మ పళ్లెం తీసుకుని మళ్లీ చేలోకి వెళ్లింది. మూడో సాయంత్రం పక్క గట్టు మీద తెల్లచొక్కా కనిపించింది. ఠప్పున రివాల్వర్ మోత. ఆమె పళ్లెం వదిలేసి చాళ్ల మధ్య బోర్లా పడింది. నోటి నిండా మన్ను. తల మీద చేతులు ఎప్పుడు పెట్టుకుందో ఆమెకే తెలియదు.

వాడు నవ్వుతున్నాడు, పడీపడీ. ఆ నవ్వు ఆమెకు కొత్త కాదు. మన్ను ఉమ్మేసి లేచింది. పందులు ఏ పక్కనుంచి వస్తున్నాయో చూసుకుంటూ పళ్లెం కోసం వెతుక్కుంది.